బురద చేతులు కట్టిన నగరాలు

మొహంజొదారో వీధుల్లో తవ్వకాలు జరిపిన ఎర్నెస్ట్ మెకే ఒక చిన్న సంగతి గమనించి రాసిపెట్టాడు. మురుగు కాలువల పక్కన అక్కడక్కడా కుప్పలు కనిపించాయి. చాలావరకు ఇసుక. కాలువలో పేరుకున్న పూడికను ఎవరో పైకి తీసి ఒడ్డున పోశారు. దాన్ని ఎత్తి ఊరవతల పారబోయడం మాత్రం ప్రతిసారీ జరగలేదు. వీధి మట్టం పెరిగింది, కుప్ప అందులో కలిసిపోయింది, నాలుగు వేల ఏళ్లకు పైగా అలాగే ఉండిపోయింది.

ఆ నగరం పేరు చెప్పగానే నడుము మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ కంచు బొమ్మ, శాలువా కప్పుకున్న గడ్డపాయన గుర్తొస్తారు. చిన్నప్పటి నుంచి పుస్తకాల్లో చూస్తున్న బొమ్మలు కదా. కానీ ఆ నగరం ఏడు వందల ఏళ్లు ఎలా నిలిచిందో అడిగితే జవాబు ఆ ఇసుక కుప్పల్లో ఉంది. రోజూ ఎవరో ఒకరు వంగి, ఆ కాలువలో చెయ్యి పెట్టారు.

ప్రాచీన నాగరికతలు నదీ తీరాల్లో వెలిశాయని బడిలో అందరం చదివాం. చదివినప్పుడు నది అన్నీ అమర్చిపెడితే మనిషి వచ్చి కూర్చున్నాడేమో అనిపిస్తుంది. ఏటి పక్కన కాపురం చేసిన వాళ్లనడగండి. ఒక ఏడు ముంచుతుంది, మరో ఏడు ఎండగడుతుంది. తాను తెచ్చిన ఒండ్రుతోనే కాలువ పూడ్చేస్తుంది. ఒక్కోసారి దారే మార్చేసుకుంటుంది. సింధు, యూఫ్రటిస్, నైలు ఒడ్డున నగరాలు నిలబడ్డాయంటే ఏటేటా గట్టు వేసినవాళ్లు, పూడిక తీసినవాళ్లు, నీటి మట్టం కొలిచినవాళ్లు, లెక్క రాసినవాళ్లు ఉన్నారు కాబట్టే. చరిత్రలో వాళ్లకు దక్కిన చోటు చాలా చిన్నది. ఈసారి వాళ్ల వైపు నుంచి చూద్దాం.

రాజు కనిపించని ఊరు

హరప్పాలో దయారాం సాహ్ని 1921లో, మొహంజొదారోలో రాఖాల్‌దాస్ బెనర్జీ 1922లో తవ్వకాలు మొదలుపెట్టారు. 1924 సెప్టెంబరు 20న లండన్ పత్రికలో జాన్ మార్షల్ ఈ సంగతి ప్రపంచానికి ప్రకటించాడు. అంతకు చాలా ముందే లాహోర్–ముల్తాన్ రైలు మార్గం వేసినవాళ్లు హరప్పా ఇటుకలను బండ్లకొద్దీ తవ్వి తీసుకెళ్లి పట్టాల కింద పరిచారు. ఒక మహానగరం గోడలు కంకరగా మారిపోయాయి. తల్చుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఆ ఇటుకలకు ఒక లెక్క ఉంది. మందం ఒక వంతు, వెడల్పు రెండు వంతులు, పొడవు నాలుగు వంతులు. వందల మైళ్ల దూరంలో ఉన్న ఊళ్లలోనూ ఇదే కొలత. క్రీ.పూ. 2600 నుంచి 1900 వరకు వర్ధిల్లిన ఈ నగరాల్లో తూకపు రాళ్లు కూడా ఒకే పద్ధతిలో సాగాయి: ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు.

మొహంజొదారోలో 700 దాకా బావులు ఉండి ఉంటాయని మైకేల్ యాన్సెన్ లెక్కగట్టాడు. బావి గుండ్రంగా నిలవాలంటే మామూలు ఇటుక పనికిరాదు. లోపలి అంచు సన్నగా, బయటి అంచు వెడల్పుగా ఉండే ఇటుకలు ప్రత్యేకంగా కోసి కాల్చారు. అలా కడితే బయటి నుంచి మట్టి నెట్టేకొద్దీ ఇటుకలు మరింత బిగుసుకుంటాయి. పాత ఇళ్ల మీద కొత్త ఇళ్లు కట్టుకుంటూ పోవడంతో ఊరి మట్టం పెరిగింది. దానితో పాటు బావి ఒరలను కూడా పైకి లేపుతూ వచ్చారు. చుట్టూ మట్టి తవ్వి తీసేశాక ఇవాళ ఆ బావులు నేల మీద గోపురాల్లా నిలబడి కనిపిస్తాయి.

దాదాపు ఇంటింటికీ స్నానాల గది. దాని నేల ఒక మూలకు వాలుగా ఉంటుంది. అక్కడి నుంచి నీళ్లు గోడలోని తూము దాటి వీధి కాలువలో పడతాయి. వీధి కాలువకు పైన ఇటుకల మూత, మధ్య మధ్య మడ్డి దిగడానికి గుంతలు. ఆ గుంతలు నిండితే పని ఆగిపోతుంది. కాబట్టి కట్టిన రోజునే, దీన్ని శుభ్రం చేసే మనిషిని కూడా లెక్కలోకి తీసుకునే కట్టారు. ఆ కాలపు ప్రపంచంలో మరెక్కడా మామూలు జనం కోసం ఇంత శ్రద్ధ కనబడదు. 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతుతో తారు పూత పూసి కట్టిన ఆ పెద్ద స్నాన వాటిక కంటే, సందుల్లోని ఈ కాలువలే గొప్పవని నా నమ్మకం.

ఇక్కడ ఇదీ రాజభవనం అని వేలెత్తి చూపగలిగిన కట్టడం లేదు. బంగారంతో నింపిన రాజు సమాధి లేదు. అది చూసి ఇదొక సమసమాజమని కొందరు మురిసిపోతారు. తొందరపడకూడదు. పూడిక ఎత్తిన చేతులు ఇష్టపడి ఎత్తాయా, తరతరాలుగా అదే పనికి కట్టేసిన చేతులా అన్నది ఇసుక కుప్ప చెప్పదు. ఐరావతం మహదేవన్ 417 గుర్తులుగా పట్టిక వేసిన సింధు లిపిని చదవగలిగే రోజు రావాలి. మన నేల మీద మలం ఎత్తే పనిని చట్టం 2013లో మరోసారి నిషేధించాక కూడా మ్యాన్‌హోళ్లలో ఊపిరాడక మనుషులు చనిపోతూనే ఉన్నారు. ఆ కాలువల గొప్ప చెప్పుకునే ముందు ఇది గుర్తుంచుకోవడం న్యాయం.

కచ్‌లోని ధోలావీరాకు పెద్ద నది లేనే లేదు. చుట్టూ ఉప్పు ఎడారి. వానాకాలంలో మాత్రమే పారే మన్సర్, మన్హర్ అనే రెండు వాగుల మధ్య ఊరు కట్టారు. వాగులకు అడ్డుకట్టలు వేసి, నీటిని మళ్లించి, కోట గోడల లోపల వరసగా చెరువులు తవ్వి నింపుకున్నారు. కొన్నింటిని రాతిలోకే తొలిచారు. ఆర్.ఎస్. బిష్ట్ బృందం 1990 నుంచి తవ్వి బయటపెట్టిన ఈ ఊరు 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఏడాదిలో కొద్ది రోజులు పారే వాగును నమ్ముకుని బతకడం ఎలాగో రాయలసీమకు, పాలమూరుకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఆ కాలంలో మన కృష్ణా తీరం ఎలా ఉంది? నగరాలు లేవు. పశువుల మందలున్నాయి. పాలమూరు వైపు ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ బూడిద దిబ్బను తవ్వితే పశువుల దొడ్డి, దాని చుట్టూ పాతిన కంచె గుంతలు, ఆవుల గిట్టల అచ్చులు బయటపడ్డాయి. పోగుపడిన పేడను తగలబెట్టగా తగలబెట్టగా దిబ్బలయ్యాయి. తర్వాత జరిగిన పరిశోధనల్లో దక్షిణాది తొలి రైతుల గింజలు దొరికాయి: అండుకొర్రలు, ఉలవలు, పెసలు. అన్నీ వాన చినుకుతో పండేవే. కాలువ తవ్వాల్సిన అవసరం వాళ్లకు అప్పటికి రాలేదు.

సింధు జనం మాత్రం సముద్రం దాటారు. లియోనార్డ్ వూలీ 1920ల్లో దక్షిణ ఇరాక్‌లోని ఊర్ నగరపు రాజ సమాధులు తవ్వినప్పుడు సింధు పనివాళ్ల చేతి కార్నీలియన్ పూసలు, తెల్లని గీతలు వేసిన ఎర్రపూసలు దొరికాయి. మెలుహ్హా ఓడలు తన రేవులో లంగరు వేశాయని అక్కడి సార్గాన్ చక్రవర్తి గొప్పగా చెప్పుకున్నాడు. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల మాట. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో షు-ఇలిషు అనే ఆయన ముద్ర ఒకటుంది. ఆయన ఉద్యోగం మెలుహ్హా భాషకు దుబాసీ. మన వైపు మాటను వాళ్లకు అప్పజెప్పిన మనిషి. మరి ఆ ఓడలు చేరిన రేవు వెనక ఎలాంటి నేల ఉంది?

వేళ తప్పి వచ్చే వరద

టైగ్రిస్, యూఫ్రటిస్ రెండూ ఇప్పటి టర్కీ కొండల్లో పుడతాయి. అక్కడ మంచు కరిగి కిందికి చేరేసరికి ఏప్రిల్, మే నెలలు వస్తాయి. దక్షిణ ఇరాక్ మైదానంలో బార్లీ, గోధుమ విత్తేది అక్టోబరు, నవంబరుల్లో. విత్తనం వేసేటప్పుడు నది అడుగంటి ఉంటుంది. పంట కోతకొచ్చేటప్పుడు వరద మీద పడుతుంది. వాన చూస్తే ఏడాదికి 200 మిల్లీమీటర్లు కూడా లేదు. కావలసినప్పుడు లేని నీళ్లు తెచ్చుకోవాలి, అక్కర్లేనప్పుడు వచ్చే నీళ్లను ఆపుకోవాలి. రెండింటికీ మట్టి పనే దిక్కు.

పైగా యూఫ్రటిస్ తెచ్చే ఒండ్రు దాని అడుగునా అంచునా పేరుకుని, నదే చుట్టూ ఉన్న పొలాల కంటే ఎత్తున పారుతుంది. గట్టుకు కొంచెం తూము కొడితే నీళ్లు వాలులో వాటంతట అవే పొలానికి చేరతాయి. ఆ తూము చేయి దాటి గండి అయితే ఊరే పోతుంది.

ఆ మైదానంలో రాయి లేదు, మంచి కలప లేదు, లోహం లేదు. ఉన్నది మట్టి, రెల్లు. మట్టి ఇటుకతో ఇల్లు, మట్టి ఇటుకతో గుడి. తొలి రోజుల్లో కొడవలి కూడా మట్టిదే, కాల్చి పదును పెట్టింది. చివరికి రాత కూడా మట్టి మీదే. క్రీ.పూ. 3200 ప్రాంతం నాటి ఉరుక్ నగరంలో దొరికిన తొలి పలకల్లో ఎక్కువ భాగం లెక్కలే. ఎంత బార్లీ వచ్చింది, ఎవరికి ఎంత పోయింది. ఒక పలక మీద 37 నెలలకు 29,086 కొలతల బార్లీ పద్దు ఉంది, కుషిమ్ అన్న పేరుతో. అది మనిషి పేరా, హోదా పేరా అని పండితులు ఇంకా తర్కించుకుంటున్నారు.

అదే నగరంలో అచ్చులో అద్దినట్టు ఒకే తీరుగా ఉన్న మోటు మట్టి గిన్నెలు వేలకు వేలు దొరికాయి. అందం కోసం చేసినవి కావు. కూలి జనానికి దినబత్తెం కొలిచి పోసిన గిన్నెలని చాలామంది అభిప్రాయం. తినడానికి ఆనాటి రాతలో వాడిన గుర్తు కూడా అదే చెబుతుంది: ఒక మనిషి తల, నోటి ముందు ఆ గిన్నె.

మరో వెయ్యేళ్లు గడిచాక, క్రీ.పూ. 2100 దాటిన రోజుల్లో, ఊర్ రాజుల పాలనలో ఈ లెక్కలు మరీ ముదిరాయి. ఉమ్మా, గిర్సు ఊళ్ల నుంచి వేల పలకలు వచ్చాయి. ఒక మేస్త్రీ కింద ఎంతమంది ఉన్నారు, ఎన్ని పనిదినాలు రావాలి, ఎన్ని వచ్చాయి, ఎంత మట్టి తవ్వారు, ఎంత తరుగు పడింది. తరుగును కొట్టేయరు, వచ్చే ఏటి ఖాతాకు మోస్తారు. ఉపాధి హామీ పనిలో మస్టరు రోలు, కొలతల కూలి చూసినవాళ్లకు ఆ పలకలు ఇట్టే అర్థమవుతాయి. బాబిలోన్ బడి పిల్లలకు ఇచ్చిన లెక్కలు చూడండి: కాలువ పొడవు ఇంత, వెడల్పు ఇంత, లోతు ఇంత, ఒక మనిషి రోజుకు ఇంత మట్టి తీస్తే ఎంతమంది కావాలి, కూలికి ఎంత బార్లీ అవుతుంది? గణితం అక్కడ కాలువ గట్టు మీద పెరిగింది.

రాజులు కూడా కాలువల పేరుతోనే కాలాన్ని చెప్పుకున్నారు. ఫలానా కాలువ తవ్వించిన ఏడు అని సంవత్సరానికే పేరు పెట్టేవారు. హమ్మురాబి శాసనం అనగానే కంటికి కన్ను గుర్తొస్తుంది గానీ, దాని 282 నిబంధనల్లో రైతుకు రోజూ పనికొచ్చేవి 53 నుంచి 56 వరకు ఉన్నవి. తన గట్టును బాగుచేసుకోకుండా బద్ధకించి, గండి పడి పక్కవాళ్ల పంట మునిగితే ఆ ధాన్యం తనే ఇచ్చుకోవాలి. ఇచ్చుకోలేకపోతే ఆ మనిషినీ అతని సొత్తునూ అమ్మి నష్టపోయినవాళ్లు పంచుకుంటారు. ఎంత కఠినమో! కానీ ఒక్కరి గట్టు తెగితే ఎన్ని కుటుంబాలు పస్తులుంటాయో కళ్లారా చూసినవాళ్లే ఇలాంటి నిబంధన రాయగలరు.

గుఎదెన్న తగాదా

రాతలో మిగిలిన అతి పాత నీటి తగాదా కూడా ఈ నేలదే. లగాష్, ఉమ్మా పొరుగు రాజ్యాలు. రెండింటి మధ్య గుఎదెన్న అనే మంచి పొలాలు, గడ్డి భూములు. ఉమ్మా ఎగువన, లగాష్ దిగువన. కిష్ రాజు మెసిలిం మధ్యవర్తిగా వచ్చి కొలిపించి హద్దు రాయి నాటించాడు. ఉమ్మా పాలకుడు ఉష్ దాన్ని పీకి పారేసి ముందుకొచ్చాడు.

క్రీ.పూ. 2450 ప్రాంతంలో లగాష్ రాజు ఎఅన్నాతుమ్ ఉమ్మాను ఓడించి, ఆ గెలుపును ఒక రాతి పలక మీద చెక్కించాడు. ఎర్నెస్ట్ డి సర్జెక్ లగాష్ రాజ్యంలోని గిర్సులో దాని ముక్కలు తవ్వి తీశాడు. ఇప్పుడవి లూవ్ర్‌లో ఉన్నాయి. డాళ్లు కలిపి బారులు తీరిన సైనికులు శవాల మీదుగా నడుస్తుంటారు. పైన రాబందులు శత్రువుల తలలు ముక్కున కరుచుకుని ఎగిరిపోతుంటాయి. పొలం గట్టు తగాదా ఎంత దూరం పోగలదో అంత స్పష్టంగా చూపిన శిల్పం నేనెరగను.

గెలిచినవాళ్లు హద్దు కాలువ మళ్లీ తవ్వారు. ఉమ్మా వాళ్లు కొంత భూమి సాగుచేసుకోవచ్చు, బదులుగా బార్లీ కట్టాలి. కట్టలేకపోయారు. బాకీ మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ. తీర్చలేని స్థితికి వచ్చాక ఉమ్మా పాలకుడు ఉర్-లుమ్మ హద్దు కాలువ నీళ్లు మళ్లించి, హద్దు రాళ్లకు నిప్పు పెట్టించాడు. అతని తర్వాత వచ్చిన ఇల్ కూడా నీళ్ల దగ్గర అదే పని చేశాడు. లగాష్ రాజు ఎంతెమెన ఈ గొడవంతా మట్టి శంకువు మీద రాయించాడు. మన చేతికి చిక్కిన కథ ఎక్కువగా లగాష్ వైపుది. వడ్డీ కట్టలేని ఉమ్మా రైతు మాట అందులో ఉండదు.

ఎగువ మీద ఆధారపడి బతకడం ఇక కుదరదనుకుని ఎంతెమెన టైగ్రిస్ నుంచి వేరే కాలువ తవ్వించాడు. పోట్లాట మాత్రం ఆగలేదు. క్రీ.పూ. 2350 ప్రాంతంలో ఉమ్మా రాజు లుగల్-జగెసి లగాష్ మీద పడి గుళ్లు తగలబెట్టాడు. కొన్నేళ్లకే సార్గాన్ వచ్చి లుగల్-జగెసినీ కూల్చేశాడు. తరాలు తరాలు కొట్టుకున్న రెండు ఊళ్లూ మూడోవాడి రాజ్యంలో కలిసిపోయాయి. 1969లో బచావత్ ట్రైబ్యునల్, 2004లో బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ వేసుకున్న కృష్ణా నది మనుషులం మనం. కత్తుల బదులు కాగితాలతో వాదించుకోవడం చిన్న విషయం కాదని గుఎదెన్న చదివాక అనిపిస్తుంది.

గెలిచిన కాలువ తెచ్చిన చౌడు

1958లో తోర్కిల్డ్ జాకబ్సన్, రాబర్ట్ ఆడమ్స్ ఒక వ్యాసం రాశారు. పాత పలకల్లోని ధాన్యం పద్దులు వరసగా పేర్చి చూశారు. క్రీ.పూ. 3500 ప్రాంతంలో దక్షిణ ఇరాక్‌లో గోధుమ, బార్లీ దాదాపు సమానంగా పండేవి. 2500 నాటికి గోధుమ ఆరో వంతుకు దిగింది. 2100 నాటికి 2 శాతం. 1700 నాటికి గోధుమ ఊసే లేదు. ఉప్పును గోధుమ తట్టుకోలేదు, బార్లీ కొంత తట్టుకుంటుంది. దిగుబడి కూడా పడిపోయింది: హెక్టారుకు 2,500 లీటర్ల పైచిలుకు నుంచి 900 లీటర్ల దరిదాపులకు.

వాళ్ల వాదనలో నొప్పి పెట్టే భాగం మరొకటి. గిర్సు పొలాల్లో చౌడు ముదరడానికి ఆ ఎంతెమెన కాలువే కారణమన్నారు. కరువు తీర నీళ్లొచ్చాయి. రైతు తనివితీరా పెట్టాడు. కాలువల ఊట తోడై భూగర్భజలం పైకి లేచింది. ఎండకు నీరు ఆవిరైంది, ఉప్పు మిగిలింది. తర్వాతి పండితుల్లో మార్విన్ పావెల్ వంటివారు ఈ అంకెలను ప్రశ్నించారు. రైతులకు ఉప్పును అదుపు చేసే తెలివి ఉందని గుర్తు చేశారు. ఉంది కూడా. ఒక ఏడు పంట వేసి, ఒక ఏడు బీడు వదిలేవారు. బీడులో పెరిగే కలుపు మొక్కల లోతైన వేళ్లు కింది తడిని పీల్చేసి, నీటిమట్టాన్ని దించేవి. నేలకు విశ్రాంతి ఇచ్చే ఓపిక ఉన్నంత కాలం అది పనిచేసింది. పన్నుల కోసమో, పెరిగిన జనం తిండి కోసమో ఆ బీడు ఏటిని కూడా దున్నించినప్పుడే దెబ్బ తగిలింది. మురుగు పోయే దారి లేకుండా నీళ్లు పెడితే నేల ఏమవుతుందో మన డెల్టా శివారు రైతుకు విడమర్చి చెప్పక్కర్లేదు.

గిర్సులోనే కాలువకు అడ్డంగా ఇటుకలతో కట్టిన ఒక వింత కట్టడం ఉంది. వయసు సుమారు నాలుగు వేల ఏళ్లు. చాలాకాలం వంతెన అనుకున్నారు. పూడుకుపోతున్న కాలువలో నీటికి వేగం తెప్పించడానికి దారిని ఇరుకు చేసిన కట్టడమని అక్కడ పనిచేస్తున్న బ్రిటిష్ మ్యూజియం బృందం ఇటీవల చెబుతోంది. ఊరు చేయి జారుతున్న రోజుల్లో కూడా వాళ్లు నీళ్ల కోసం ఆలోచించడం మానలేదు.

చైనా వైపు ఒక్క మాట. హాంగ్జౌ దగ్గరి లియాంగ్జూలో ఐదు వేల ఏళ్ల నాటి మట్టి ఆనకట్టలు బయటపడ్డాయి. బురదను గడ్డిలో చుట్టి, మూటలు కట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. మన దగ్గర గండి పడితే ఇసుక బస్తాలు వేస్తాం. వాళ్లు చేసింది అదే పని. పచ్చ రాతి నగలు దొరికిన రాజుల సమాధులకు పేరొచ్చింది గానీ, ఆ ఊరిని బతికించింది ఆ గడ్డి మూటలే.

నైలు, నైరుతి

నైలు రైతు అదృష్టవంతుడు. ఆ నది జూలైలో లేచి, పొలాలన్నీ నింపి, అక్టోబరుకల్లా వెనక్కి తగ్గేది. విత్తే వేళకు నేల తడిసి, కొత్త ఒండ్రు పరుచుకుని సిద్ధంగా ఉండేది. గట్లు వేసి పొలాలను మడులుగా చేసి, వచ్చిన నీటిని కొన్ని వారాలు నిలబెట్టి, తర్వాత కిందికి వదిలేవారు. ఆ నీటితో పాటే ఉప్పు కూడా కడుక్కుపోయేది. అందుకే యూఫ్రటిస్ పక్కన చౌడు తేలుతున్న కాలంలో నైలు పొలాలు పచ్చగానే ఉన్నాయి. 1970లో ఆస్వాన్ పెద్ద ఆనకట్ట పూర్తయ్యాక ఆ కడుగుడు ఆగిపోయింది. ఈజిప్టు ఇప్పుడు పొలాల అడుగున గొట్టాలు పరిచి మురుగు తీసుకోవాల్సి వస్తోంది.

అక్కడి తొలి రాజుల్లో తేలు గుర్తున్న రాజు ఒకడు, క్రీ.పూ. 3100 ప్రాంతపు వాడు, తన గద మీద తనను ఎలా చెక్కించుకున్నాడంటే, చేతిలో పలుగులాంటి పనిముట్టు పట్టుకుని కాలువ దగ్గర నిలబడి ఉన్నట్టు. ఎదురుగా ఒకడు మట్టి కోసం గంప పట్టుకుని వంగి ఉంటాడు. ఆ గద ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. రాజు పలుగు నిజంగా ఎంతసేపు పట్టాడోగానీ, గంప పట్టినవాడికి ఆ పని రోజూ తప్పలేదు.

పని చెడిన కథ కూడా అక్కడ ఉంది. కైరోకు దక్షిణాన హెల్వాన్ దగ్గర ఒక వాగుకు అడ్డంగా క్రీ.పూ. 2600 ప్రాంతంలో పెద్ద ఆనకట్ట మొదలుపెట్టారు. ఎత్తు 14 మీటర్లు, పొడవు వంద మీటర్ల పైమాటే. పూర్తి కాకముందే వాగు పొంగి మధ్యలో కోసుకుపోయింది. మళ్లీ కట్టే ప్రయత్నమే చేయలేదు.

2013లో ఎర్ర సముద్రపు ఒడ్డున వాది అల్-జర్ఫ్‌లో పియరీ తాలే బృందానికి కొన్ని పపైరస్ ముక్కలు దొరికాయి. రాత ఉన్న పపైరస్‌లలో ఇంతకంటే పాతవి ప్రపంచంలో లేవు. అందులో మెరెర్ అనే పర్యవేక్షకుడి దినచర్య ఉంది. అతని కింద 40 మంది దాకా మనుషులు. తురా గనుల్లో సున్నపురాయి పడవకు ఎక్కించడం, నైలు మీదుగా, కాలువల మీదుగా గిజాకు చేర్చడం, తిరిగి రావడం. పది రోజులకు రెండు మూడు సార్లు. పైన పర్యవేక్షణ రాజు ఖుఫు సవతి సోదరుడు అంఖ్‌హాఫ్‌ది. మహా పిరమిడ్ రాళ్లు పడవల మీద ఎలా వచ్చాయో ఆ పని చేసినవాళ్ల రాతలోనే దొరికింది. రాజుల ప్రశస్తులు ఎన్ని చదివినా కలగని దగ్గరితనం ఆ పొడి పొడి పద్దుల్లో కలుగుతుంది. ఈ రోజు రాళ్లు ఎక్కించాం, ఈ రాత్రి ఫలానా చోట ఉన్నాం. అంతే అందులోని సంగతులు.

ఈ అదృష్టానికి కూడా ఒక షరతుంది. నైలు వరద పుట్టేది ఇథియోపియా ఎత్తుల మీద పడే వేసవి వానల్లో. ఆ వానలకూ మన నైరుతికీ చుట్టరికం ఉంది. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏడాదుల్లో తరచుగా రెండూ కలిసి దెబ్బతింటాయి. క్రీ.పూ. 2200 ప్రాంతంలో నైలు వరదలు వరసగా తగ్గాయి. పిరమిడ్ రాజుల పాలన ముక్కలైంది. దక్షిణాన మొఅల్లాలో అంఖ్‌తిఫి అనే స్థానిక పాలకుడు తన సమాధి గోడ మీద కరువు గురించి, తాను పంచిన ధాన్యం గురించి రాయించుకున్నాడు. కొన్ని శతాబ్దాల తర్వాత సింధు నగరాలు కూడా సన్నగిల్లాయి. తగ్గిన వానలు, దారి మారిన నదులు అందులో ప్రధాన కారణాలని నేటి పరిశోధకుల్లో చాలామంది అంటారు. జనం తూర్పుకు కదిలి, చిన్న చిన్న పల్లెలుగా విడిపోయి బతికారు.

ఈ చుట్టరికాన్ని తెలుగు నేల తన ఒంటి మీద అనుభవించింది. 1876లో నైరుతి మొహం చాటేసింది. మన పెద్దలు ధాత కరువని తలుచుకున్నది దాన్నే. కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు జిల్లాలు అల్లాడాయి. 1877లో నైలు వరద కూడా ఘోరంగా తగ్గి ఈజిప్టు రైతు అప్పులపాలయ్యాడు. మన దేశంలో 1876–78 కరువుకు 50 లక్షల మందికి పైగా బలయ్యారని అంచనా. వాన లేకపోవడం ఒక్కటే అంతమందిని చంపలేదు. ధాన్యం ఓడలెక్కి పోతూనే ఉంది. కరువు పనికి వచ్చిన మనిషికి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించిన బత్తెం రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కాస్త చిల్లర. మట్టి మోసే మనిషికి అది ఏ మూలకూ చాలదని అప్పటి వైద్యాధికారులే మొత్తుకున్నారు. ఉరుక్ గుమస్తాలు గిన్నె కొలత పెట్టి పోసిన కాలం నుంచి, పని చేసే మనిషికి ఎంత తిండి అన్న ప్రశ్న దగ్గరే పాలకుల నిజ స్వరూపం బయటపడుతూ వచ్చింది.

ఈ కరువు దెబ్బకే వానను ముందుగా అంచనా వేయాలన్న పట్టుదల బ్రిటిష్ ప్రభుత్వానికి కలిగింది. 1904 నుంచి 1924 వరకు భారత వాతావరణ శాఖను నడిపిన గిల్బర్ట్ వాకర్ ప్రపంచం నలుమూలల అంకెలు పోగుచేశాడు. వాటిలో నైలు వరద మట్టాలు కూడా ఉన్నాయి. అంత పాత లెక్కలు మరెక్కడా దొరకవు. పలెర్మో రాయిగా పేరుపడ్డ శిలాఫలకం మీద తొలి రాజుల కాలపు వరద ఎత్తులు ఏడాది ఏడాదికీ మూరల్లో చెక్కి ఉన్నాయి. కైరో దగ్గర రోడా దీవిలో నీటిమట్టం చూసే స్తంభాన్ని క్రీ.శ. 861లో ఇప్పుడున్న రూపంలో కట్టారు, అక్కడి పట్టికలు మాత్రం 622 దాకా వెనక్కి వెళతాయి. రాజ్యాలు మారాయి, మతం మారింది, భాష మారింది. వరద రోజుల్లో నీటి మట్టం చూసి రాసే కొలువు మాత్రం నడిచింది. ఆ అంకెలు కూడా కలిపి చూసి వాకర్, పసిఫిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా గాలి ఒత్తిడి ఊయలలా ఊగుతోందని తేల్చాడు. ఎల్‌నినోకూ దానికీ ఉన్న లంకె 1969లో యాకబ్ బ్యెర్క్‌నెస్ చెప్పేదాకా స్పష్టం కాలేదు. ఏటా ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ ఇచ్చే నైరుతి అంచనా కోసం మన రైతు ఎదురుచూస్తాడు. ఎల్‌నినో సంగతి చూడకుండా ఆ అంచనా వెలువడదు. ఆ తెలివిడిలో నైలు గుమస్తాలు రాసిపెట్టిన పద్దులకూ వాటా ఉంది.